ఏడు తర్వాత

పెట్టెకు డబ్బిచ్చారు.
గుండెలోకి దిగిన రెండు తీగలకూ ఇచ్చారు.
కోసిన చేతికి, కుట్టిన దారానికి,
ఆఖరికి ఆ పూట తౌనో ముట్టకుండా తోసేసిన
ఆకుపచ్చ జెల్లీ గిన్నెకి కూడా.

నిద్రకి మాత్రం ఇవ్వరట.

‘నలభై ఏడు నిమిషాల మత్తు.
వైద్యపరంగా అవసరమని రుజువు కాలేదు.
మీరు చెల్లించవలసినది
పదకొండు వందల ఎనభై డాలర్లు.’

ఉత్తరం మూడుసార్లు చదివి
దాని మీదే కాఫీ కప్పు పెట్టాడు.
మరక గుండ్రంగా అంకె చుట్టూ పడింది,
అంకె చెక్కుచెదరలేదు.

‘పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంది ఆ పిల్ల.
పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు.
ఏడు దాకా నేనున్నాను ఇర్యా.
ఆరు నుంచి బిల్లు.’

ముప్పై ఒక్క చలికాలాలు
హాంకాక్ కొండవీధుల్లో మంచు తోసే బండి నడిపాడు.
రాత్రి రెండింటికి లేచి వెళ్తే
ఊరు కళ్ళు తెరిచేసరికి ఊరికో దారుండేది.
నిద్ర సుఖమెరగదంటారు.
ధర ఎరుగునని ఎవరూ చెప్పలేదు.

ఫోన్లో అరగంట వయొలిన్.
తర్వాత టల్సా నుంచి ఒకామె, పేరు డెల్ఫీన్.
‘మెలకువగా ఉంచే చేస్తారమ్మా చాలామందికి,
ఆ చోటు మొద్దుబారితే చాలు.’
‘చాలామందికి ఎడమ చెయ్యి వణుకుతుందా?
వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటారా?’

కీబోర్డు చప్పుడు ఆగింది.
ఆమె వెనకాల ఎవరో నవ్వుతున్నారు, వేరే విషయానికి.
గొంతు తగ్గించి,
‘డాక్టరు ఆ మాట రాశాడా?’
రాయలేదు.
‘రాయించండి. కదలకుండా పడుకోలేడు అని. సరిగ్గా అదే మాట.
పాపం, పెద్దాయన అని రాస్తే
మిషను వెనక్కి కొడుతుంది.
నేను చెప్పానని మాత్రం...’
అడగబోయేలోగా వయొలిన్ మళ్ళీ మొదలైంది.

క్యాలెండరు మీద, మార్చి పేజీ చివర,
పెన్సిలుతో ఆ మాట రాసుకున్నాను.

రాత్రి అతని కంఠఎముక కింద చెయ్యి వేశాను.
అగ్గిపెట్టెంత ఉబ్బు,
చర్మం కింద ఇంకా మనిషి కాని మనిషిలా.
‘నిద్రపట్టలేదా?’
‘డబ్బు పోసి పడుకున్నాక ఊరికే ఎలా పడుతుంది?’

కిటికీ మీద పసుప్పచ్చ దీపం తిరిగింది.
కింద వీధిలో ఎవరో కొత్త కుర్రాడు, బండి, రాపిడి.
తౌనో మోచేతి మీద లేచి చెవి పెట్టాడు.

‘బ్లేడు మరీ దించేశాడు వెధవ,’ అన్నాడు,
‘రోడ్డంతా గీకేస్తున్నాడు.’