జాగ లేదు

పది దాటింది. నర్వ తొవ్వల చెరువు పూడిక
అప్పటికే అరికాళ్లను కాలుస్తున్నది.
నలభై ఒక్కమంది తట్టలు దించి, పారలు పక్కన పెట్టి
ఫోటువ కోసం వరుసకు నిలబడ్డరు.
హాజరు యాప్ తెరిచి ఫోను పైకెత్తితే
అది నాతోనే అన్నది:
స్టోరేజీ నిండింది. కొంత ఖాళీ చేయండి.

ఈ ఫోటువ పోకపోతే
పొద్దుగాల నుంచి మోసిన మట్టికి కూలి లేదు.
మనిషి ఇక్కడ్నే చెమట కారుస్తున్నా
సర్వరుకు కనబడకపోతే రానట్టే లెక్క.

"ఏమైందే మేటు పిల్లా?"
"ఫోన్ల జాగ లేదత్తా."
"దానికి గూడ లేదా!" అన్నది ఉసేనమ్మ,
ఇంటి జాగకు మూడుసార్లు దరఖాస్తు పెట్టుకున్న మనిషి.

ముందుగాల గులాబీ పూలు తీసేసిన.
శుభోదయాలు, సోమవారం సోమవారం శివుడు,
ఎవరో పంపిన తెల్ల పావురం.
అన్నీ కలిపినా ముప్పై ఎంబీ కాలే.
తర్వాత ఆఫీసు ఉత్తర్వులు,
ఒక్కటే ఉత్తర్వు నాలుగు గ్రూపులల్ల నాలుగుసార్లు.
అవి తీసేటప్పుడు జర హాయిగనే అనిపించింది.

ఎండకు అక్షరాలు కనబడుతలేవంటే
నలుగురు వచ్చి కొంగులు పట్టిండ్రు,
స్క్రీను మీద ఇంత నీడ పడ్డది.
"నా మొగని ఫోటువ ఉంటే ముందు అది తియ్" అన్నది జమ్ములమ్మ,
"తాగి పండే జాగ అన్న మిగులుతది."
నీడ పట్టిన కొంగులు గడగడ ఊగినయి నవ్వుకు.

ఇంకా చాలదంటున్నది.

వేలు జరుపుకుంటపోతే పోయినేడు వచ్చింది.
ఇంకుడు గుంతలు. తవ్వకముందు, తవ్వుతుండంగ, తవ్వినంక,
ఒక్కో గుంతకు మూడు ఫోటువలు.
ఏ గుంత ఎవరి ఇంటిముందుదో నాకే తెలుస్తలేదు.
"తీసెయ్ తీసెయ్, అవి ఒక్క వానకే పూడినయి"
అన్నడు కుర్మన్న, తవ్వినోడే.
నూట పన్నెండు గుంతలు పోయినయి.

ఇగ ఏప్రిల్ హాజరు ఫోటువలు.
అన్నీ పైకి ఎక్కినవే, పచ్చ టిక్కు పడ్డవే.
ఉంచుకునే పని లేదు.
అన్నిటినీ పట్టి, చెత్తడబ్బా మీద వేలు పెట్టబోతే
"ఆగు" అన్నది ఉసేనమ్మ. "ఆ కొసకు ఎవరు?"

రెండు వేళ్లతో సాగదీసిన.
సగం లోపల, సగం బయట,
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని
మాసమ్మ.

మే నెల మూడో వారం, ఇట్లాంటి పొద్దే.
దినాల నాడు గోడకు పెట్టిన ఫోటువ ఆధార్ కార్డుది,
పెద్దగ చేయిస్తే కండ్లు చెదిరినయి,
అండ్ల ఆమె ఏదో తప్పు చేసినట్టు నిలబడ్డది.
ఇండ్ల నోరు తెరిచి ఎవరినో తిడుతున్నది.
నన్నే. తొందరగ కొట్టవే, మాడిపోతున్నం అని.

ఎవ్వరూ ఉంచమనలే, తియ్యమనలే.
కొంగుల నీడ కొంచెం పక్కకు జరిగితే
మళ్ల సరిచేసిండ్రు.

ఆ నెలను అట్లనే విడిచిపెట్టి
నా కోచింగ్ వీడియోల్లకు పోయిన.
ఎకానమీ, పదకొండు భాగాలు.
నాలుగో భాగం సగం దాక విన్న, రెండేండ్ల కింద.
పంచవర్ష ప్రణాళికలు ఒక్క దెబ్బకు పోయినయి.
రెండు జీబీల జాగ అయింది.
ఇంత జాగను నేనెప్పుడూ చూడలే.

"నిలబడుండ్రి" అన్న.
ఉసేనమ్మ వరుస కొసనుంచి నడుమకు జరిగింది.
"నన్ను సగం కొయ్యకు" అన్నది.
నాలుగడుగులు వెనక్కి పోయిన,
అందరూ పట్టేదాక,
మాసమ్మ తిట్టకముందే
తొందరగ కొట్టిన.