మూడో రౌండు

టీవీల నీ ఆఖరి రౌండే
మల్ల మల్ల చూపెడ్తున్నరు, సైదమ్మా.
గంట మోగంగనే నువ్వు బయటి గీత పట్టుకొని
ఇద్దర్ని దాటిన జాగ.
యాంకరు పిల్ల "మెరుపు" అంటది.

నాకు మూడో రౌండే యాదికొస్తది.

మర్రిగూడ బడెనుక గ్రౌండు.
సున్నం గీతల్ని మేకలు తొక్కి చెరిపేటియి.
నా మోకాళ్లను బోరునీళ్లు ఎప్పుడో తిన్నయి,
నువ్వు పుట్టినంక కృష్ణ నల్లా వచ్చింది.
అంతే తేడా మనిద్దరికి.
పీఈటీ జానయ్య సారు
గడియారం నా చేతుల పెట్టిండు:
"నువ్వు టైము పట్టు బిడ్డా, అది ఉరుకుతది."

మొదటిది అందరు ఉరుకుతరు.
రెండోది రోషం ఉరికిస్తది.
ఆఖరుదానికి చప్పట్లుంటయి.
మూడోదాన్ని ఎవ్వరు చూడరు.
కడుపుల సద్ది కదుల్తది,
బత్తాయి తోటకాడి కుక్క గూడ
మొరుగుడు మానేస్తది.
గప్పుడే, నా ముందట్నుంచి పోతుంటే
సెకండ్లు గట్టిగ ఒర్రేటోణ్ణి,
రెండు ఎక్కువ కలిపి.
అబద్ధమే.
కోపానికి ఇంకింత ఉరికేదానివి.
ఎన్నేండ్లు!
నల్లగొండ ఎన్జీ కాలేజీల జిల్లా మీటు దాక,
పాటియాలా క్యాంపుకు రైలెక్కే దాక.
ఆ తర్వాత నీ టైము మిషిన్లు పట్టినయి.
వాటికి అబద్ధం రాదు.

రాత్రి ఫోన్ చేసినవు.
ఎనక ఏదో దేశపోళ్ల లొల్లి.
పతకం ముచ్చట తియ్యలే.
"అన్నా, మూడోది ఎంతొచ్చింది?
ఈసారన్న నిజం చెప్పు."

టీవీ ముందట నేను గడియారం నొక్కుత
అని నీకెట్ల తెల్సు?

అరవై నాలుగు, తల్లీ.
అరవై నాలుగే.