వేళ్ళ లెక్క

మోటారు సైకిల్ ఆపి, హెల్మెట్ తియ్యకుండానే
నర్సు కబిరుంగి ముందడిగింది రోగం సంగతి కాదు,
ఆయన ఎంపాకో.
మా తోరో సీమలో ప్రతి మనిషికీ ఉంటుందా ముద్దుపేరు,
ఉన్న పన్నెండింటిలో ఏదో ఒకటి.
అదడక్కుండా పలకరిస్తే పలకరింపే కాదు.
"అరాలీ" అన్నాడు.
మూడు నెలలు పెద్దాసుపత్రిలో
ఆయన పద్దెనిమిదో నంబరు మంచం.
తన పేరు తన నోటనే విని
కాస్త ఉలిక్కిపడ్డాడు.

తర్వాత చెయ్యి చాపమంది.
పిడికిలి మూస్తే నొప్పి లేదని,
ఒక్క వేలు తెరిస్తే కొంచెమని,
అయిదూ తెరిస్తే ఇక చెప్పక్కర్లేదని.
ఆయన అయిదూ తెరిచాడు.
చాలక రెండో చెయ్యి కూడా ఎత్తబోయి
దుప్పటి జారితే సిగ్గుపడి దించేశాడు.

మంచినీళ్ళ సీసాలో ఆకుపచ్చ మందు.
చూస్తే పిల్లలు తాగే రంగునీళ్ళు, అంతే.
నాలుగు గంటలకోసారి గీత దాకా,
పడుకునే ముందు రెండింతలు,
కడుపు బిగుసుకోకుండా బొప్పాయి గింజల పొడి.
నాకు గడియారం లేదు.
ఆరుకి చర్చి గంట, పదికి టీ తోట లారీ,
రెండుకి బడి, మళ్ళీ ఆరుకి చర్చి,
రాత్రి పదికి పక్కింటి రేడియోలో వార్తలు.
నా కాలానికి అవే ముళ్ళు.

మూడో రోజుకి నన్ను తిట్టాడు.
ఉప్పు చాల్లేదని,
మేకని రోడ్డు వైపు కట్టానని,
తింకసీమిరే బాకీ నలభై వేలు
ఇంకా అడగలేదని.
వంటపాక వెనక్కి పోయి
గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాను.
నా మొగుడు తిరిగొచ్చాడు.
ఇన్నాళ్ళూ నొప్పి ఆయన్ని
ఎంత మంచివాణ్ణి చేసేసిందో!

అయిదో రాత్రి, వార్తలయ్యాక,
కసేసేలో ఒక కూతురుందన్నాడు.
పందొమ్మిదేళ్ళు.
మన రెండోదానికంటే నాలుగు నెలలు చిన్న.
నొప్పి పీట వేసుకుని కూచున్న చోట
అది లేవగానే
నిజం వచ్చి కూచుంది.

సీసా నా చేతిలోనే ఉంది.
దాచడమెందుకు, చెప్తాను.
ఆ రాత్రి మందు
పొయ్యకుండా పట్టుకునే ఉన్నాను.
ఎంతసేపో తెలీదు,
వార్తల తర్వాత మా ఊళ్ళో ఇంక గంటల్లేవు.
ఆయన చూశాడు. అడగలేదు.
దుప్పటి మీద వేళ్ళు ఒక్కొక్కటే విడుతున్నాయి.
మూడోది లేచినప్పుడు
పోశాను.

గురువారం నర్సు సీసాని వెలుతురుకెత్తి చూసింది,
పుస్తకంలో ఏదో రాసుకుంది.
"మరి నీది?" అంది.
పేరనుకుని "అబ్వోలీ" అన్నాను.
"అది కాదు. చెయ్యి."
ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.
చెయ్యి నా మాట వినలేదు.
బూడిదంటిన వేళ్ళు,
అయిదూ.
నా కోసం ఆమె సంచిలో మందేం లేదు.
హెల్మెట్ పక్కన పెట్టి
ఒక కత్తి తీసుకుని
నాతోపాటు అరటికాయలు చెక్కింది,
ఇంకా మూడిళ్ళు తిరగాల్సి ఉన్నా.

ఆ పిల్ల ఆదివారం దిగింది.
అదే నుదురు.
ఏమనాలో తోచక
ఆచారం కొద్దీ ఎంపాకో అడిగాను.
"అబ్వోలీ" అంది. "నాన్నే పెట్టాడట."
నాదే.
పోనీలే, ఉన్నవే పన్నెండు కదా
అనుకున్నాను. సగం నమ్మాను.
సీసా చేతికిచ్చి
గీత ఎక్కడుందో చూపించాను.

ఇరవై ఒకటో తెల్లవారుజామున
చర్చి గంటకి ఇంకా వేళ కాలేదు.
ఒక చెయ్యి నేను పట్టుకున్నాను,
ఒక చెయ్యి అది.
నా వైపుది పిడికిలి.
దాని వైపు ఎన్ని వేళ్ళో
నేనడగలేదు.