అయస్కాంతానికి అంటనిది

బెల్టు మీద బొగ్గు పోతుంటే
పైన వేలాడే అయస్కాంతం
ఇనుమన్నదల్లా లాక్కునేది:
బోల్టులు, విరిగిన డ్రిల్లు పళ్ళు,
ఒకసారి గనిగుర్రం నాడా.
ఆ గుర్రం ఎండ మొహం చూసిందో లేదో.

షిఫ్టు దిగాక ఎవాల్డ్
ఆ తుక్కుపెట్టె ముందు గొంతుక్కూర్చునేవాడు.
ఆకురాయితో ఓ మూల రుద్ది
మందుసీసాలోంచి ఒక్క చుక్క యాసిడ్.
గీతలు తేలాలట,
కిటికీ అద్దం మీద మంచు గీసినట్టు
ఒకదాన్నొకటి కోసుకుంటూ.
తేలితే ఆకాశానిది, లేకపోతే కార్ఖానాది.
ముప్పై ఒక్క ఏళ్ళు.
అన్నీ కార్ఖానావే.

బార్బరమ్మ పండగనాడు
బితొమ్ వీధుల్లో గనివాళ్ళ బ్యాండు మోగుతున్నా
ఎవాల్డ్ పెట్టె దగ్గరే.

నేను ఎదురు వరసలో రాళ్ళేరేదాన్ని.
బొగ్గులో రాయి కనిపిస్తే
తీసి గొట్టంలోకి విసిరెయ్యడమే నా కొలువు.
"ట్రూడా, ముప్పై కోట్ల ఏళ్ళ కింద ఇదంతా బురద.
చెట్ల మీద చెట్లు కూలేవి.
ఆ మెత్తలో చుక్క రాలినా
చప్పుడై ఉండదు" అనేవాడు.
"చుక్క సంగతి సరే, సూపు చల్లారింది" అనేదాన్ని.

క్రకోవ్ నుంచి ఓ చదువుకున్న పిల్ల వచ్చింది, బోగ్నా అని.
పెట్టె చూసి నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.
"ఆ బురద పులుపుది, ఎవాల్డ్ గారూ.
ఇనుముని ఇనుముగా ఉండనివ్వదు, తినేస్తుంది.
మిగిలితే ఓ గోధుమరంగు రాయి మిగలాలి.
అది అయస్కాంతానికి అంటదు."

ఎవాల్డ్ నా వేపు తిరిగాడు.
మొహంకేసి కాదు,
చేతులకేసి చూశాడు.

పంతొమ్మిదేళ్ళు. రోజుకెన్నో నేనేం లెక్కపెట్టాను?
కొన్ని మాత్రం
ఉండాల్సినదానికన్నా బరువుండేవి.
భుజం పీకేది.
వాటినే ముందు విసిరేదాన్ని.

గని మూసేశారు.
ఆ రాళ్ళన్నీ ఊరి పక్కన గుట్టయి
లోపల్లోపల ఇంకా రగులుతున్నాయి.
జనవరిలో ఊరంతా తెల్లబడ్డా
గుట్ట మీద మంచు నిలవదు.
ఇప్పుడు ఎవాల్డ్ అక్కడికే పోతాడు,
అయస్కాంతం ఇంట్లో వదిలేసి.

పోయిన గురువారం నేనూ వెళ్ళాను.
ఓ రాయి ఎత్తి
అంగట్లో బంగాళాదుంపని చూసినట్టు
అరచేతిలో తూచాను.
"ఎలా ఉంది?"
"రాయిలా ఉంది."
అని, కోటు జేబులో వేసుకున్నాను.
వెచ్చగా ఉందని.