రెండు గ్లాసులు ఎక్కువ

చిట్టినగర్ కొండ మీద మా వరసకి
రోజు విడిచి రోజు నీళ్ళు.
వచ్చిన రోజే అటక మీంచి
పెద్ద తపేలా దిగుతుంది.

నాలుగు గ్లాసుల బియ్యం కడుగుతుంటే
గడపలోంచే అడుగుతుంది నాంచారమ్మ:
"ఎవరే చుట్టాలు?"
ఉన్నార్లే అంటాను.

రేపు రాత్రి
చీరల కొట్లో పొద్దంతా నిలబడి,
విప్పిన మడతలే మళ్ళీ పెట్టి,
నూట పన్నెండు మెట్లెక్కి
ఒకావిడ వస్తుంది.
పలకరిస్తే కసురుతుంది.
స్టవ్ వైపు చూడను కూడా చూడదు.

ఆవిడ కోసమే
బొచ్చె పులుసు కాస్త పలచగా దించుతాను,
ఉప్పూ పులుపూ తెల్లార్లూ
మాట్లాడుకుని రాజీ పడాలి కదా.
మధ్యాహ్నం డబ్బాలోకి
మిగులన్నంలో గోరువెచ్చటి పాలు,
మజ్జిగ చుక్క, ఓ ఉల్లిపాయ చెక్క.

మొన్న మాత్రం
నాంచారమ్మ మనవడు వాసనకి వచ్చి
పీట వాల్చుకు కూర్చున్నాడు.
ముక్కలన్నీ వాడికే పోయాయి.

ఆవిడొచ్చి మూత తీసింది.
నన్నేమీ అనలేదు.
ఉత్త పులుసే అన్నంలోకి వంపుకుని,
దాక అంచు వేలితో నాకి,
కడక్కుండానే పక్కన పెట్టింది.

నీళ్ళు రేపు.