మంచు ఊడ్చిన బొమ్మ

కువోపియోలో నవంబరు. మూడున్నరకే చీకటి.
హిల్కా నా కొట్టు తలుపు భుజంతో తోసుకొచ్చి
బల్ల మీద క్యాసెట్ ఒకటి పెట్టింది.
వెన్ను మీద పెన్సిలు రాత:
ఎయినో, స్కీ పందెం, ఎనభై మూడు.

"వెండి బిళ్ళలోకి ఎక్కించు, తాయిస్తో.
బిళ్ళలో అన్నీ విడివిడిగా కనపడతాయట.
తమ్ముడి చేతి తొడుగుల మీద నేనల్లిన నక్షత్రం చూడాలి.
ఎనిమిది కొసలుంటాయి."

కాఫీ పోసి, నా నలభై ఏళ్ళ విద్యంతా ఒలకబోశాను.
టీవీకి ఆరువందల పాతిక గీతలు.
అందులో నలభై తొమ్మిది తెర ఎక్కవు,
కిరణం కింది నుంచి పైకి తిరిగిపోయే దారిఖర్చు.
మిగిలినవి అయిదువందల డెబ్బై ఆరు.
నీ వెండి బిళ్ళకీ సరిగ్గా అన్నే వరసలు!
తేడా గీతల లెక్కలో లేదు, హిల్కా,
ఒక్కో గీత ఎంత మోస్తుందో అందులో ఉంది.
బిళ్ళ, వరసకి ఏడువందల ఇరవై చుక్కల్ని కూర్చోబెడుతుంది.
గాల్లో వచ్చే బొమ్మ నాలుగువందలు తెచ్చేది,
అదీ యాంటెన్నా బుద్ధిగా ఉన్న రోజున.
నీ టేపుకి రెండువందల నలభై దగ్గరే ఆయాసం.
ఇక రంగు సంగతి అడక్కు,
ఎరుపు తన గడప దాటి పక్కింట్లోకి కారుతుంది.

చక్కెర గడ్డ పళ్ళ మధ్య పట్టుకుని
కాఫీ పీలుస్తూ వింది.
"అంటే, చేద ఎంత పెద్దదైనా..."
"నూతిలో ఉన్నంతే."

పదకొండు సెకన్లు.
ఎయినో మలుపు తిరుగుతాడు.
ఛాతీ మీద అంకె ముప్ఫై ఒకటో, ముప్ఫై ఏడో.
చేతులుండాల్సిన చోట రెండు ఎర్ర మరకలు.
నక్షత్రం లేదు. కనీసం ఒక కొస.

ఆమె వెళ్ళాక ఊరుకోలేకపోయాను.
శుభ్రం చేసే పెట్టె తగిలించాను,
ఫ్రేముని ఫ్రేముతో పోల్చి
నిలకడ లేనిదల్లా దుమ్మనుకుని ఊడ్చేసే పెట్టె.
గరగర పోయింది. దేవదారులు కడిగినట్టున్నాయి.
ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను.

శుక్రవారం వచ్చి చూసింది. మూడుసార్లు చూసింది.
"ఆ రోజు మంచు పడుతోంది," అంది.

నిజమే.
ఆకాశం కురిసిందేదో యాంటెన్నా కురిసిందేదో
పెట్టెకేం తెలుసు, రెండూ ఊడ్చేసింది.
ఎయినో పొడిగాలిలో జారుతున్నాడు
ఎవరి తమ్ముడో అయినట్టు.

"మళ్ళీ పెట్టెయ్."
"గరగర కూడా వస్తుంది."
"రానీ."

అలాంటి బొమ్మంటే బిళ్ళకి గిట్టదు.
ప్రతి రేణువూ దానికి కొత్త కబురే,
రాసుకోలేక గళ్ళు గళ్ళుగా తడబడుతుంది.
ఇవ్వగలిగినంత చోటిచ్చాను.
రెండు గంటలు పట్టే బిళ్ళలో పదకొండు సెకన్లు, అంతే.

డబ్బులివ్వడానికి హిల్కా కుడిచేతి తొడుగు తీసి
బల్ల మీద పెట్టింది.
దాని మీదా నక్షత్రం.
కొసలు లెక్కపెట్టాను. ఆరు దాకా వచ్చానో లేదో
తొడిగేసుకుంది.