సగం బిళ్ల

"కుర్చీలోంచి మాటిమాటికీ లేస్తాడా?
ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు"
హొరమావు స్కూల్లో, పిల్లల బల్లకు మోకాళ్లు తగులుతుండగా
టిక్కులు పెట్టాను.
నిశ్చల్ అని పేరు పెట్టిందీ నేనే.

లిఫ్టులు బాగుచేస్తాను.
మోటారు రొద విని, ఏ బేరింగు అరిగిందో
వాడు నాకంటే ముందే చెప్పేస్తాడు.
ఆ గడి ఫారంలో లేదు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బోర్డు మీద ఇంగ్లీషు.
అంతస్తుల మధ్య ఎక్కడో ఆగిన పిల్లాణ్ణి
తలుపు తీయకుండానే
పన్నెండు నిమిషాల్లో తేల్చేశాడు డాక్టరు:
టిఫినుకు ముందు సగం బిళ్ల.

అబద్ధమెందుకు,
అక్షరాలు గీత మీద నిలబడ్డాయి.
మిస్సు నక్షత్రం అంటించింది.
వాళ్లమ్మ ఏడ్చింది, సంతోషంతోనే.
నేను మైసూరుపాకు తెచ్చాను.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
కింద జనరేటరు దగ్గుతూ దగ్గుతూ అందుకుంది.
"దేనికేమైందిరా?" అన్నాను.
ముద్ద మింగి
నా వైపు మర్యాదగా చూశాడు.
"తెలీదు నాన్నా."

ఆరున్నర.
కుక్కరు బరువు వణుకుతోంది, ఇంకా కూయలేదు.
మిగిలిన సగం
నా అరచేతిలో చెమ్మగిల్లుతోంది.
పక్క గదిలో
వాడు లేచిన చప్పుడు కోసం
చెవి ఒగ్గి నిలబడ్డాను.